లోపల ఆరిన ఖాకీ

మొన్న మిరపకాయలు తిరగేద్దామని మేడ మీదికి పోతే, దండెం మీద మా మనవరాలి ఖాకీ చొక్కా, ప్యాంటు నడి ఎండలో వీధి మొత్తానికి కనబడేట్టు ఊగుతున్నాయి. పిల్ల కొత్తగా కానిస్టేబులయింది, దానికి ఏ బెరుకూ లేదు. నేను మాత్రం పక్కనున్న నా చీర లాగి ఆ బట్టల మీద కప్పేశాను. కప్పిన తర్వాత గాని నా చెయ్యి ఏం చేసిందో నాకు తెలియలేదు. వెనకనే మెట్లెక్కి వచ్చిన పిల్ల, "ఏందే అవ్వా, నా డ్రెస్సుకు ఎండ తాకుతదని గొడుగు పడ్తున్నవా?" అని పకపకా నవ్వింది. నవ్వుతుంది మరి. దానికి జవాబు చెప్పాలంటే నలభై ఏళ్ళు వెనక్కి పోవాలి. మా ఈడువాళ్ళు, గోదావరిఖనిలో ఆ రోజులు చూసినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, నేను సగం చెప్పేసరికే మిగతా సగం వాళ్ళకు తెలిసిపోతుంది.

మా ఆయన పోలీసు. కానిస్టేబులుగా చేరి ఎస్సైగా దిగిపోయాడు, కాలం చేసి రెండేళ్ళయింది. మంచి పోలీసో చెడ్డ పోలీసో నేను తీర్పు చెప్పను, స్టేషన్లో ఆయన్ను నేను చూసింది లేదు. ఇంట్లో మాత్రం, సెలవు మీద వచ్చాడంటే పిల్లల గోళ్ళు తీయడం, కుంకుడు రసంతో తలలు రుద్దడం, పెద్దబిడ్డకు జడ వేయడం అన్నీ ఆయనవే. ఆ జడ ఎప్పుడూ ఒక పక్కకు వంకరగానే వచ్చేది, బడిలో అందరూ నవ్వినా బిడ్డ సాయంత్రం దాకా దాన్ని విప్పనిచ్చేది కాదు.

అప్పుడు ఆయన డ్యూటీ మంథని అవతల అడవి పక్క స్టేషన్లో. అడవిలో అన్నలు, ఊళ్ళో పోలీసులు, నడుమ జనం, ఎవరి ఇంట్లో ఎప్పుడు ఏడుపు లేస్తుందో తెలియని కాలం. పోలీసు పెళ్ళాన్నని నలుగురికీ తెలియొద్దని నన్నూ పిల్లల్నీ బొగ్గు బాయిలో పనిచేసే మా తమ్ముడి క్వార్టర్లో ఉంచాడు. ఎవరడిగినా ఆయన ఆఫీసులో గుమాస్తా అని చెప్పేదాన్ని. ఖాకీ బట్టలు మాత్రం బయట ఆరేసేది లేదు. వంటగదిలో దండెం కట్టి, ఖాకీ వేసి, పైన చీర కప్పేదాన్ని. అట్లా మాలాంటి ఇళ్ళు ఎన్నో. రెండు వారాలకొక శనివారం అయిదింటి బస్సుకు ఆయన లుంగీ కట్టుకొని, భుజాన తువ్వాలేసుకొని, ఖాకీ సంచిలో దాచుకొని వచ్చేవాడు. నేను పిల్లల్ని తీసుకొని బస్టాండుకు ఎదురుపోయేదాన్ని. బస్సు దిగుతూనే చిన్నవాణ్ణి నా చంకలోంచి లాక్కోవాలి, అదీ ఆయన సంబరం.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. నాకు అప్పుడు చదువు రాదు. పెళ్ళిచూపుల్లో మా నాయన పిల్ల అయిదు దాకా చదివిందని కోతలు కోశాడు, నేనూ తల ఊపాను. ఆయన దూరం పోయి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాక ఏం చెయ్యాలో తోచక, రెండో తరగతి చదివే పెద్దబిడ్డతో చదివించుకొని, జవాబూ దాని చేతనే రాయించేదాన్ని. ఆయనకు తెలియదనుకున్నాను.

ఎండాకాలం, శనివారం. పెద్దబిడ్డ సెలవులకు అమ్మమ్మ ఊరికి పోయింది. మధ్యాహ్నం పన్నెండు దాటాక ఒక బస్సు కండక్టరు ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, మీ ఆయన ఇయ్యమన్నాడంటూ మడిచిన కాగితం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. విప్పితే చీమలు పారినట్టు గీతలు. తమ్ముడు డ్యూటీలో ఉన్నాడు, ఉన్నా వాడిదీ వేలిముద్రే. ఎవరికి చూపించాలి? ఆయన ఏ బస్సుకు వస్తాడో, ఎక్కడ దిగుతాడో అందులో ఉంటే? ఆ సంగతి మూడో మనిషికి చెప్పొద్దని నాచేత పిల్లల మీద ఒట్టు వేయించుకున్నాడు.

ఎట్లాగూ అయిదింటికి వస్తాడు కదా అని మనసుకు సర్దిచెప్పుకొని, నాలుగింటికి చిన్నవాళ్ళిద్దరికీ మొఖాలు కడిగి పౌడరేసి బయలుదేరాను. క్వార్టర్ల లైను చివరికి వచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి. సాయంత్రం వచ్చే మనిషి మధ్యాహ్నం కాగితం ఎందుకు పంపుతాడు?

లైను చివరి ఇల్లు టీచరక్కది. ఆదివారం చర్చికి, మిగతా రోజులు బడికి తప్ప లైను దాటి ఎక్కడికీ పోని మనిషి. అంతకు ఆరు నెలల ముందు ఆమె తమ్ముణ్ణి, అన్నలకు అన్నం పెట్టాడని పోలీసులు తీసుకుపోయి కొట్టారు. ఆమెకు ఈ కాగితం ఇవ్వడమంటే ఆయన మెడ తీసుకుపోయి ఆమె చేతిలో పెట్టడమే. పిల్లలు బస్సు పోతుందని కొంగు లాగుతున్నారు. నేను ఆమె తలుపు కొట్టాను.

ఆమె నిలబడే చదివింది, రెండుసార్లు చదివింది. నా మొఖం చూసింది, పిల్లల పౌడరు మొఖాలు చూసింది. "బస్టాండుకా? ఇంట్లకు రా, తలుపెయ్" అంది. ఆ తర్వాత మెల్లగా చెప్పింది. మన సంగతి ఎవరికో తెలిసింది, నువ్వూ పిల్లలూ ఎదురువస్తే నన్ను గుర్తుపడతారు, రావద్దు, నేను వేరే తోవన వస్తా, అని ఉందట అందులో.

నేను, మా ఆయన గుమాస్తా అని ఏదో అనబోయాను.

"ఊకో చెల్లె. చింతపండుకు నీ ఇంటికొచ్చినప్పుడల్లా చూస్తున్న, నీ చీరె కిందికెల్లి ప్యాంటు కాళ్ళు రెండు కనవడ్తనే ఉంటయి. లైనంతటికి ఎరుకే."

ఎవరికీ చెప్పొద్దని ఆమె కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి జరిగింది. "మా తమ్మునికి ఇప్పటికీ కుడిచెయ్యి లేస్తలేదు. గా సంగతి యాది పెట్టుకొనే సదివిన. సోమారం పలక పట్టుకొని రా. ఇంకోపారి నన్ను సదవమంటె సదవ."

ఆ సాయంత్రం బస్టాండులో ఎవరున్నారో, ఎవరూ లేరో నాకు ఇప్పటికీ తెలియదు. తెల్లారి ఆయన బొగ్గు లారీలో దిగాడు, మొఖమంతా మసి. చిన్నవాడు గుర్తుపట్టక గుక్కపట్టి ఏడ్చాడు, ఆయన సంబరం అంతా వాణ్ణి ఊరుకోబెట్టడానికే సరిపోయింది. నేను సోమవారం నుంచి, పిల్లల తల్లినై ఉండి, టీచరక్క ఇంట్లో అ ఆలు దిద్దాను. ఆమె నా తప్పులకు నా చేతివేళ్ళ మీద స్కేలుతో కొట్టింది కూడా. ఎందుకు కొట్టిందో మా ఇద్దరికీ తెలుసు, నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

రిటైరయిన రోజు ఆయన దండలు తీసి పక్కనపెట్టి, నాకు చదువు రాదని పెళ్ళయిన నెలకే తెలుసన్నాడు. అందుకే ఉత్తరాల్లో అక్షరాలు పెద్దగా, గుండ్రంగా రాసేవాడట, బిడ్డ భయపడే మాట ఒక్కటీ రాయలేదట. ఆ శనివారం మాత్రం కాగితం ఇచ్చి పంపాక గుర్తొచ్చిందట, బిడ్డ ఇంట్లో లేదని. ఆ రాత్రంతా లారీలో అదే గుబులట.

ఇప్పుడు ఎవరూ ఎవరికీ కాగితం పంపరు, మనవరాలు ఏ ఊళ్ళో డ్యూటీలో ఉందో ఫోన్లో మ్యాపు బొమ్మ పెట్టి చూపిస్తుంది. మొన్న అది నవ్వుతూనే నా చీర తీసేసింది. మిరపకాయలు తిరగేసి లేచేసరికి ఖాకీ గలగలా ఎండిపోయి ఉంది. రామగుండం ఎండ కదా, అరగంట పట్టలేదు. మా వంటగదిలో రెండు రోజులకు కూడా ఆరేది కాదు, పోపు వాసన, తడి వాసన. ఈ ఎండ అప్పుడూ ఉంది. ఆయన మాత్రం అన్నేళ్ళూ సగం తడి చొక్కాయే సంచిలో పెట్టుకొని డ్యూటీకి పోయాడు, ఒక్కసారి కూడా ఆరలేదని అనలేదు.