అవ్వకు పోసిన అంబలి

పత్తి మూట నెత్తిన పెట్టుకొని గట్టు మీద నడుస్తూ మా అవ్వ జారి పడింది. మా వైపు అమ్మను అవ్వ అనే పిలుస్తాం. మూట బరువంతా మెడ మీదే పడింది. ఆదిలాబాద్ దవాఖానలో కొన్నాళ్లు ఉంచుకొని, మెడకు పట్టీ కట్టి ఇంటికి పంపారు. చేతులు కొంచెం ఆడేవి, కాళ్లు కదిలేవి కావు. నేను అత్తగారింటి నుంచి వచ్చేశాను. అవ్వను నేనే బతికించుకుంటానని ఊరందరికీ చెప్పాను. చెప్పడంలో నేనెప్పుడూ ముందే.

మంచాన పడ్డవాళ్లకు మా ఖానాపూర్ వైపు అంబలే పోస్తారు. జొన్నపిండితో పలుచగా కాచి, పడుకోబెట్టి, గిన్నెతో తాగించేదాన్ని. రెండు గుక్కలకే దగ్గు. సగం ముక్కులోంచి వచ్చేది. ఇంకా చిక్కగా ఉందేమోనని మరిన్ని నీళ్లు కలిపేదాన్ని.

"అంబలి ఒద్దు బిడ్డా, జరంత గట్క పెట్టు," అనేది అవ్వ బొంగురుగా. గట్క అంటే జొన్నరవ్వతో గట్టిగా వండే తిండి.

"మంచంల ఉన్నోళ్లకు గట్క పెడ్తరా? ఊరోళ్లు నన్నేమంటరు? నోరు తెరువు!"

అవ్వది మొండితనమనుకున్నాను. ఒకరోజు మూతి బిగించుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. దవడలు నొక్కిపట్టి పోశాను. పొలమారి ముఖం నల్లబడింది. ఊపిరి తిరిగేదాకా వీపు రాస్తూనే ఉన్నాను, తిడుతూనే ఉన్నాను. ఆ తిట్లు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

వీపు పుండ్లకు కట్టు కట్టడానికి వచ్చే కంపౌండరు, నేను అంబలి పోయడం ఆరోజే మొదటిసారి చూశాడు.

"ఆగమ్మా! మెడ దెబ్బకు ఆమె గొంతు మునుపటి లెక్క లేదు. పలుసటిది ఊపిరిగొట్టంలకు పోతున్నది. కూసోబెట్టి చిక్కటిది పెట్టు, జర్రంత జర్రంత."

గోడకు ఆనించి కూర్చోబెట్టాం. గట్కను పెరుగుతో మెదిపి గోరంత పెట్టాను. మింగింది. ఇంకొంచెం పెట్టాను. అదీ మింగింది.

"నేను జెప్తె ఇనకపోతివి," అంది. కోపంగా కూడా అనలేదు. నేను ఆమె కాళ్లు పట్టుకొని ఏడ్చాను.

ఆ తర్వాత అవ్వ నాలుగేళ్లు బతికింది. కానీ ముద్ద పట్టుకొని నా చెయ్యి ముందుకు వస్తే చాలు, కళ్లు గట్టిగా మూసుకొని, దవడకు చెయ్యి అడ్డం పెట్టుకునేది. "గట్కనే అవ్వా, గట్కనే," అని రెండు మూడుసార్లు చెప్పాకే నోరు తెరిచేది. పక్కింటామె తినిపించినప్పుడు మాత్రం కళ్లు తెరుచుకొనే తినేది.