పెంచలకృష్ణ సిగ్గు

నర్సుగా రిటైరై ఆరేళ్లయింది. ఇప్పటికీ ఎండుచేపల వాసన తగిలితే చాలు, బోగోలు దగ్గర నేను పనిచేసిన జాలర్ల పాలెం గుర్తొచ్చి ప్రాణం లాగుతుంది. ఎన్ని తిట్లు తిన్నానో అక్కడ! నేను తిట్టినవీ తక్కువేం కాదులెండి.

పెంచలకృష్ణ అక్కడ వల లాగేవాడు. మొగుడూ పెళ్లాం ఇద్దరు పిల్లలు చాలనుకున్నారు. ఉషారాణికి మాత్రలు పడలేదు, ఒకటే వాంతులు. కాపర్-టీ వేస్తే రక్తస్రావం ఆగక తీసేయాల్సి వచ్చింది. ఇక ఆపరేషనే అనుకుంటుంటే నేను పెంచలకృష్ణను పిలిచాను.

"ఆమెకైతే పొట్ట మీద కోత. నీకైతే చిన్న గాటు, కుట్టు కూడా ఉండదు. ఏది తేలికో నువ్వే చెప్పబ్బయా."

"మళ్లీ వల లాగగలనా అక్కా?"

"వారం ఆగి లాగు. నీ బలం యాడికీ పోదు."

ఒప్పుకున్నాడు. పాలెంలో ఆపరేషన్ చేయించుకున్న మొదటి మగాడు అతనే. నాకెంత గర్వమో! నిరోధ్ పాకెట్లు చేతిలో పెట్టి, లోపల మిగిలిన బీజం పోయేదాకా మూడు నెలలు ఇవి తప్పవని, పరీక్షలో బాగుందంటేనే మానాలని రెండుసార్లు చెప్పాను. మహానుభావుడు తలెత్తితేనా!

రెండు నెలలకే ఉషారాణికి నెల తప్పింది. అత్త పిచ్చమ్మ వీధిలోకొచ్చి పడింది.

"నా కొడుక్కి కోసినాక నీకు కడుపెట్టొచ్చిందే? ఎవుడిదే అది?"

చేపల వేలం వదిలి జనం మూగారు. ఉషారాణి గోడకానుకొని వెక్కి వెక్కి ఏడుస్తోంది. నాకు ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే పెంచలకృష్ణ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"అమ్మా, ఇంక ఆపు! మూడు నెల్లు జాగర్తగా ఉండమని నర్సక్క చెప్పింది. పాకెట్లు కూడా ఇచ్చింది. ఎవురన్నా చూస్తే నవ్వుతారని ఇసకలో పూడ్చేసినా. తప్పు నాది. బిడ్డ నాది."

మగాళ్లు పగలబడి నవ్వారు. అతను మాత్రం తల దించలేదు. చెప్పొద్దూ, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఉషారాణి ఏడుపు ఆపి మొగుడి వంక చూసింది.

"ఆస్పత్రి బల్ల మీద ఎన్నిసార్లు పడుకున్నానయ్యా నేను! నాకు లేదా సిగ్గు?"

నవ్వులు ఆగిపోయాయి. పెంచలకృష్ణ ఆమె పక్కన ఇసకలో కూలబడ్డాడు.