చెవిమేస్త్రి కారు

వీధి చివరి షెడ్డులో ఇంజన్లు బాగుచేసే మనిషిని అందరూ చెవిమేస్త్రి అనేవారు. కన్నవాళ్లు పెట్టిన పేరు కాగితాలకే మిగిలింది. బండి ఇంకా మలుపు తిరుగుతుండగానే "మూడో ప్లగ్గు పోయింది, విప్పండి" అనేవాడు. విప్పితే అదే! ఇక ఆ మనిషి గర్వం గురించి వేరే చెప్పాలా?

అలాంటివాడు తొమ్మిదేళ్లు కష్టపడి సొంతంగా ఒక స్పోర్ట్స్ కారు కట్టాడు. రెండే సీట్లు, పైకప్పు లేదు. రేకంతా తానే సుత్తితో సాగగొట్టాడు, సీట్లకు తొడుగులు భార్య కుట్టింది. అన్నీ కుదిరాయి గానీ ఒక్క రోగం మాత్రం వదల్లేదు. యాక్సిలరేటర్ తొక్కితే చాలు, ఉరకాల్సిన కారు దగ్గి, వణికి, ఆగిపోయేది. ప్లగ్గులు మార్చాడు, కాయిల్ మార్చాడు, పెట్రోల్ పైపులన్నీ ఊడదీసి కడిగాడు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారే, ఏడు నెలలు తవ్వినా పాపం ఆయనకు ఎలుకైనా దొరకలేదు.

"పక్కోడి బండికి వైద్యుడు, సొంత బండికి రోగి" అని తోటి మెకానిక్కులు నవ్వడం మొదలుపెట్టారు. ఆయనకున్న ఆస్తల్లా ఆ చెవికున్న పేరే. అది పోయాక షెడ్డు తెరిచి లాభమేముంది? అన్నం సయించడం మానేసింది.

ఆ ఇంజనుకు రెండు కార్బురేటర్లు. రెండూ సమానంగా గాలి పీల్చాలి, లేకపోతే బండి దగ్గుతుంది. అది చూడ్డానికి చెవిమేస్త్రిది సొంత పద్ధతి. రెండు రబ్బరు గొట్టాలు తీసుకుని, ముందుదాని చప్పుడు ఎడమ చెవితో, వెనకదాని చప్పుడు కుడి చెవితో ఒకేసారి వినేవాడు. రెండూ ఒక్కలా వినిపించేదాకా స్క్రూలు తిప్పేవాడు.

ఒక ఉదయం ఇంజను నడుస్తుండగా టీ తెచ్చిన భార్య, ఊరికే ఆ గొట్టాలు చెవుల్లో పెట్టుకుంది.

"ఏమండీ, ముందుది బుసలు కొడుతోంది. వెనకది ఊపిరే తీయట్లేదు!"

"ముప్పై ఏళ్ల చెవి నాది. నాకే చెప్పొచ్చావా?" అని కసిరాడు.

కసిరాడే గానీ, మనసు ఊరుకోలేదు. గొట్టాలు లాక్కుని ఎడమది కుడికీ, కుడిది ఎడమకీ మార్చి పెట్టుకున్నాడు. కుడి చెవిలో తుఫాను. ఎడమ చెవిలో ఏమీ లేదు.

ముఖం పాలిపోయింది. గొట్టాలు ఆమెకిచ్చి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. "ఇంకొంచెం... ఇంకొంచెం... ఆఁ, ఇప్పుడు రెండూ ఒకటే" అందామె. తొక్కితే ఇంజను ఎక్కడా తడబడలేదు. ఆయన మాత్రం గడప మీద కూలబడ్డాడు.

"ఎడమ చెవి పోయింది" అన్నాడు.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. "ఎప్పట్నుంచి?"

"ఏమో. నాకూ ఇప్పుడే తెలిసింది."

"మంచం మీద నేను పడుకునేది మీ ఎడమ పక్కనే కదండీ. రెండేళ్ల నుంచీ ఏం చెప్పినా ఊఁ అనేవారు కాదు. నేనంటే విసుగొచ్చిందనుకున్నా. అందుకే చెప్పడం మానేశా."

ఆయన లేచి వెళ్లి ఇంజను ఆపేశాడు. తిరిగొచ్చి, ఆమె తన కుడివైపుకు వచ్చేలా అటు కూర్చున్నాడు.

"చెప్పు" అన్నాడు.

"బండి సంగతా?"

"కాదే. ఆ రెండేళ్లవీ."