ఎవరింట్లోనో పాలు పొంగించాం

ముందు నా నెత్తి మీద ఇంకా ఊక ఉందేమో చూసి చెప్పండి. రెండుసార్లు తలంటుకున్నా, అయినా దురద పోలేదు. లేదా? హమ్మయ్య. అయితే టీ చెప్పండి.

నిన్న రాజమండ్రిలో కొత్తింట్లో దిగాం కదండీ! పాలు పొంగాయి, దీపం వెలిగింది, పరమాన్నం కూడా అద్భుతంగా కుదిరింది. అన్నీ శాస్త్రప్రకారం జరిగాయి. కాకపోతే ఆ ఇల్లు మేం అద్దెకి తీసుకున్నది కాదు. అది ఎవరి ఇల్లో కూడా మాకు తెలీదు.

నవ్వితే నవ్వారు గానీ, పూర్తిగా వినండి.

నా సంగతి మీకు తెలిసిందే. ఇక్కడ తునిలో నాన్నగారి నాటి ఇత్తడి సామాన్ల కొట్టు. ఇప్పుడు ఇత్తడి ఎవరు కొంటున్నారండీ? బిందె దగ్గర్నుంచి గరిట దాకా అందరికీ స్టీలే కావాలి. పొద్దస్తమానం కొట్లో నేనూ ఈగలూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుంటూ కూర్చుంటున్నాం. ఇంతలో రాజమండ్రి మెయిన్ రోడ్డులో స్టీలు కొట్టు పెట్టుకునే అవకాశం వచ్చింది. మా ఆవిడ వసంత సరేనంది. పిల్లలు స్కూలు మారడానికి ఎగిరి గంతేశారు. మిగిలింది అమ్మ.

నాన్నగారు పోయాక కొట్టునీ, నన్నూ నిలబెట్టింది అమ్మే. ఆవిణ్ణి వదిలేసి వెళ్ళడం నా వల్ల కాదు. ఆవిడ మాత్రం, "కొత్తింట్లో నేను పాలు పెడతాను. తూర్పుకి పొంగితే ఉంటా. పడమటికి పొంగినా, విరిగినా, ఇంకేదైనా అపశకునం జరిగినా, సాయంత్రం పాసింజరుకి తుని వచ్చేస్తా. నాతోపాటు మీరూ వచ్చేయాలి" అంది. అంటే నా కొట్టూ, పిల్లల చదువులూ అన్నీ ఒక గిన్నెడు పాల మీద ఆధారపడ్డాయన్నమాట!

అందుకే ఇల్లు ఎంచడంలో నేను మామూలు జాగ్రత్త పడలేదండీ. ఏ పేటలో ఉండాలి? దానవాయిపేటా, ఇన్నీసుపేటా, ఆర్యాపురమా? అడిగిన ప్రతివాడూ వాడుండే పేటే స్వర్గం అన్నాడు. ఇలా కాదని అమ్మ ఒక పరీక్ష చెప్పింది. "నీళ్ళు తీసుకురారా. కందిపప్పు ఏ నీళ్ళలో మెత్తగా ఉడికితే ఆ పేటలో ఉందాం."

ఇంకేముంది? వెళ్ళినప్పుడల్లా ఒక్కో పేటలో మరచెంబు నిండా నీళ్ళు పట్టుకుని, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తుని తేవడం. ఒకసారి సామర్లకోటలో ఎక్కిన పెద్దావిడ నా చెంబు చూసి, "గోదావరి తీర్థమా నాయనా?" అని చెయ్యి పట్టింది. కాదంటే బాగోదని పోశాను. ఆవిడ తాగి, నెత్తిన జల్లుకుంది. ఆవిణ్ణి చూసి పెట్టెలో జనమంతా చేతులు పట్టారు. దానవాయిపేట కొళాయి నీళ్ళు ఆ రోజు తుని చేరనే లేదు! చివరికి ఆర్యాపురం నీళ్ళలో పప్పు వెన్నలా ఉడికింది. పేట ఖాయమైంది.

ఇల్లు కూడా నేనే చూశాను. సాయంకాలం వెళ్ళాను, సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఓనరుగారు లాంతరు పట్టుకుని గదులన్నీ చూపించారు. ఎంత ప్రశాంతంగా ఉందనుకున్నారు! చీమ చిటుక్కుమంటే వినిపించేలా ఉంది. "సున్నం వేయించి తలుపులు తీసే ఉంచుతానండి. మీ ముహూర్తానికి మీరు పాలు పొంగించుకోండి, నేను తర్వాత వస్తా" అన్నారు. అంతకంటే మర్యాదస్తుడు ఎక్కడ దొరుకుతాడండీ?

ఆషాఢం వచ్చేస్తోంది కాబట్టి నిన్నటి ముహూర్తం దాటితే ఇక శ్రావణమే. పిల్లల్ని మా అత్తారింట్లో ఉంచి, సామాన్లు లారీకెత్తించి, మేం ముగ్గురం తెల్లవారుజామునే రైలెక్కాం. అన్నవరం దగ్గర అమ్మ కిటికీలోంచి కొండకి దణ్ణం పెట్టుకుని, "స్వామీ, మావాడికి బుద్ధి ఎలాగూ ఇవ్వలేదు, అదృష్టమైనా ఇవ్వు" అంది. నేను వినకూడదని మెల్లిగానే అందిలెండి.

రైలు లేటు. రాజమండ్రిలో దిగేసరికి ముహూర్తం ముంచుకొచ్చేసింది. రెండు రిక్షాలు మాట్లాడాను. ముందు రిక్షాలో నేను, వెనక రిక్షాలో అమ్మా వసంతా, వాళ్ళ ఒళ్ళో సత్యనారాయణస్వామి పటం, పంపు స్టవ్వు, పాలగిన్నె. "దారి గుర్తుందా?" అని అరిచింది వసంత. "నేను చూసిన ఇల్లు నాకు గుర్తుండదా? కళ్ళు మూసుకుని తీసుకెళ్తా!" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

వీధి కొళాయి దగ్గర ఎడమకి తిప్పించాను. ఆకుపచ్చ గేటు. లోపల మెట్లు, బార్లా తీసిన తలుపులు, తడి సున్నం వాసన, లోపల నరపురుగు కూడా లేదు. "చూశారా, చెప్పినట్టే ఉంచారు!" అన్నాను.

వసంత గుమ్మంలోనే ఆగింది. "ఏవండీ, ఇంటిముందు వేపచెట్టన్నారు. ఇది మామిడి కదా?"

"లాంతరు వెలుగులో చూశాను. చెట్టు చెట్టే, పద."

"వంటింట్లో గట్టు ఉందన్నారు?"

"కట్టిస్తానన్నారేమో. పదవే బాబూ, ముహూర్తం పోతోంది!"

"మరి ఈ ఆవకాయ వాసనేంటండీ?"

 ఈసారి నన్ను అమ్మే కాపాడింది. "కొత్తింట్లోకి రాగానే ఆవకాయ వాసన రావడం ఎంత మంచిదే! తిండికి లోటుండదు" అంటూ కుడికాలు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

గడపలకి పసుపు రాశారు. పటం పెట్టారు. నేను కొబ్బరికాయ కొట్టాను. స్టవ్వు మీద పాలు పెట్టి అమ్మ రెండు చేతులూ జోడించింది.  ఆ గిన్నె వంక అంత కన్నార్పకుండా నా పెళ్ళిలో వసంత వంక కూడా చూడలేదు. పాలు కదిలాయి, అంచుదాకా లేచాయి, ఒక్క క్షణం ఎటు వెళ్దామా అని ఆలోచించాయి... తూర్పుకి పొంగాయండీ! తిన్నగా తూర్పుకి! అమ్మ కళ్ళలో నీళ్ళు. "ఇదేరా మన ఇల్లు. ఇక్కణ్ణుంచి నన్నెవరూ కదపలేరు" అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ పాలతోనే వసంత పరమాన్నం వండి దించుతుండగా పెరటి వైపు తలుపు తెరుచుకుంది. తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుని, చంకలో ఇంత జాడీ పెట్టుకుని ఒక పెద్దావిడ నిలబడి ఉంది. మమ్మల్ని చూసి నోరు తెరిచింది. 

అమ్మ, ఈవిడెవరో ఇరుగూపొరుగూ అనుకుంది. "రా వదినా, సమయానికి వచ్చావు, లక్ష్మీదేవిలా!" అంటూ ఎదురెళ్ళి, ఆవిడ మొహాన బొట్టు పెట్టేసింది. బొట్టు పెడుతుంటే ఏ ఆడమనిషి కాదంటుందండీ? ఆవిడ అలవాటుగా తల వంచింది. పాదాలకి పసుపు రాస్తే రాయించుకుంది. పరమాన్నం చేతిలో పెడితే కళ్ళకద్దుకుని నోట్లో కూడా వేసుకుంది. మింగాక అంది. "చాలా బాగుందండి. ఇంతకీ మీరెవరు? మా ఇంట్లో ఏం చేస్తున్నారు?"

వసంత నా వైపు చూసింది. ఆ చూపు గురించి ఏం చెప్పమంటారు? పెళ్ళయినవాళ్ళు ఊహించుకోండి.

ఆవిడ పేరు శేషమ్మగారట. వెనక వాటాలో ఆవిడా, రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఆవిడ భర్త విశ్వనాథంగారూ ఉంటారు. ఇది ముందు వాటా. ఎవరికీ అద్దెకివ్వరు. వెనకటికి అద్దెకున్నవాళ్ళతో గొడవై, అప్పట్నుంచీ ఇందులో ఆవకాయ జాడీలు పెట్టుకుంటున్నారు. "మనుషులకంటే జాడీలే నయమండి, ఎదురు చెప్పవు" అన్నారావిడ. సున్నం వేయించడం కోసం జాడీలు వెనక్కి చేర్చి, తలుపులు తీసి ఆరబెట్టారట. మేం దిగాల్సిన ఇల్లు తర్వాతి సందులో!

అమ్మ నెమ్మదిగా పీటమీద కూలబడింది. "పరాయి ఇంట్లో పాలు పొంగించాన్రా సత్తీ. ఇంతకంటే అపశకునం ఏముంటుంది? సాయంత్రం పాసింజరుకి వెళ్ళిపోదాం." అరిస్తే బాగుండును. మెల్లిగా అంది. అదే నాకు ఎక్కువ బాధేసింది. నా కొట్టు, నా ఆశలు అన్నీ ఆ పీట పక్కనే కూలబడ్డాయి.

ఈలోగా విశ్వనాథంగారు వచ్చి సంగతి విని, కడుపు పట్టుకుని నవ్వారు. "రండి, ముందు మీ అసలు ఇల్లు చూపిస్తా" అని నన్ను తర్వాతి సందులోకి తీసుకెళ్ళారు. సందు మలుపు తిరగ్గానే కాళ్ళ కింద నేల అదురుతోంది. ఇంటి వెనకాలే రైసుమిల్లు! నేను చూసిన రోజు కరెంటు లేదు కదా, మిల్లు ఆగిపోయింది. అందుకే అంత ప్రశాంతత! ఆకుపచ్చ గేటు, వేపచెట్టు, వంటింట్లో గట్టు, అన్నీ ఉన్నాయి, అన్నిటి మీదా ఊక ఉంది. ఓనరుగారు ఎదురొచ్చి ఏదో అన్నారు. నేను ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, "మా అమ్మ రానంటోందండీ!" అని అరిచాను. ఆయన చాలాసేపు మాట్లాడి నా భుజం తట్టారు. "పోన్లెండి" అన్నారనే అనుకుంటున్నా. ఆ చప్పుడులో తిట్టినా నాకు తెలీదు.

అదే సమయానికి మా లారీ వచ్చి ఆ ఇంటిముందు ఆగింది. నిన్నంతా కలిపి సరైన ఇంటికి వెళ్ళింది ఆ డ్రైవరొక్కడే. నేను వాణ్ణే కోప్పడి, వెనక్కి తిప్పమన్నాను.

ఎక్కడికి తిప్పాలి? తునికేనా? గుండె చిక్కబట్టుకుని శేషమ్మగారింటికి వచ్చాను. నా నెత్తి మీది ఊక చూసి వసంత, "మిల్లా?" అంది. తల ఊపాను. 

"పదమ్మా, స్టేషనుకి వెళ్దాం" అన్నాను.

అమ్మ లేవబోయింది. అంతే, శేషమ్మగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. "ఎక్కడికండీ వెళ్ళేది? మా ఇంట్లో పాలు పొంగించారు, దీపం పెట్టారు, నాకు బొట్టు పెట్టి పసుపు రాశారు. ఇప్పుడు మూటాముల్లె సర్దుకుని పోతే మా ఇంటి లక్ష్మి కూడా మీ వెనకాల రిక్షా ఎక్కేయదూ? నేనొప్పుకోను. మీరిక్కడే ఉండాలి!"

విశ్వనాథంగారు తెల్లబోయారు. "ఎన్నేళ్ళుగానో అద్దెకిద్దామే అని నేను బతిమాలితే వినలేదు కదే నువ్వు!"

"మీరెప్పుడైనా పాలు తూర్పుకి పొంగించారా?" అన్నారావిడ.

అమ్మ మొహం చూడాలండీ అప్పుడు! "నేనూ అదే అనుకుంటున్నా వదినా. పొంగిన చోటు కాదని ఇంకోచోట ఎలా ఉంటాం?" అంది. ఇందాక అపశకునం అన్నది ఈవిడేనా అనిపించింది. ఇద్దరూ ఒకళ్ళ చేతులొకళ్ళు పట్టుకున్నారు. నన్నుగానీ, ఆయన్నిగానీ ఎవరూ అడగలేదు. షరతు ఒక్కటే, జాడీలు చివరి గదిలోనే ఉంటాయి. ఉండనీయండి! నా గుండెల మీంచి సన్నికల్లు దించినట్టయింది. 

పిల్లల్ని తీసుకెళ్ళడానికి పొద్దున నేను ఇటు బయల్దేరుతుంటే ఆ వీధి ఆడవాళ్ళు నలుగురు చూడ్డానికి వచ్చారు. "మంచి ఇల్లు దొరికిందండీ మీకు. ఎవరు చూశారు?" అని అడిగారు. అమ్మ ఏమందో తెలుసా? "మా సత్తిబాబేనమ్మా. ఇల్లు చూడ్డంలో వాడి తర్వాతే ఎవరైనా!" వసంత చెంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరిగెత్తింది. నేను చెప్పుల్లో కాళ్ళు పెట్టి స్టేషనుకి వచ్చేశాను.

అంచేత, మీలో ఎవరైనా రాజమండ్రి మారదామనుకుంటే మొహమాటపడకుండా నాతో చెప్పండి. పేటలన్నీ తిరిగి, నీళ్ళు తాగి, గోడలు తట్టి, మంచి ఇల్లు చూసిపెడతా. మీరు మాత్రం అందులో దిగకండి. దాని ముందు సందులో పాలు పొంగించుకోండి!