బొట్టు పెట్టిన ఫ్లాపీ

ఈ ఉదయం మనవరాలు ఆఫీసు కారు ఎక్కబోతూ గుమ్మంలో ఆగి, "అవ్వా, నా సొంత లాప్‌టాప్ అప్‌డేట్ అవతా ఉండాది. దాన్ని ముట్టబాక. అదే ముగించుకుంటాది, సరియా?" అని చెప్పి పోయింది. మనిషి లేని గదిలో ఫ్యానే తిరగనివ్వని నేను, అంత ఖరీదైన వస్తువును దాని మానాన ఎలా వదిలేస్తాను? కుర్చీ లాక్కుని కాపలా కూర్చున్నాను. షోళింగనల్లూరులోని ఈ ఫ్లాట్లలో పగలు మాట్లాడే మనిషి ఉండడు. కూతురూ అల్లుడూ కూడా సాయంత్రానికి గాని రారు. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. అది నన్ను ఏమీ అడగలేదు. పాతది నీ దగ్గర ఉందా అని గానీ, ఎవరి పేరు రాయమంటావని గానీ అడగలేదు. అవన్నీ అడిగే రోజులు నేను చూశాను.

తొంభైలలో మేము తిరువొత్తియూరులో ఉండేవాళ్ళం. వీధి వైపు గది టైపింగ్ షాపు, వెనక రెండు గదుల్లో కాపురం. ఆయన టైపు మిషన్లు అమ్మేసి కంప్యూటరు కొన్నారు. సముద్రపు గాలి తగలకూడదని దానికి కప్పిన గుడ్డ మా మంచం మీది దుప్పటికంటే మంచిది. కంప్యూటరు లేవగానే మిగతా పనులన్నిటినీ నడిపించేదాన్ని ఆపరేటింగ్ సిస్టం అంటారట. చుట్టుపక్కల షాపులవాళ్ళు దాన్ని ఒకరి దగ్గర ఒకరు ఊరికే కాపీ చేసుకుంటే, ఈయన ఒక్కరే ఫ్లాపీ డిస్కులున్న సీలు వేసిన పెట్టె కొనుక్కొచ్చారు. వాడిన కాఫీ పొడినే మళ్ళీ మరిగించే నాకు ఎలా ఉంటుంది? చాలా రోజులు సణిగాను. ఆయన నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, ఒకచోట నొక్కి చూపించారు. చిన్న పెట్టె ఒకటి లేచి, ఇది ఫలానా వారు వాడుకొనుటకు హక్కు కలదు అన్నట్టు ఇంగ్లీషులో ఆయన పేరు కనిపించింది. మూడో తరగతితో బడి మానినదాన్నయినా కరెంటు బిల్లు మీద చూసి చూసి ఆ పేరులోని అక్షరాలు గుర్తుపట్టగలను. లైసెన్సంటే ఇదే అన్నారు. పట్టా చేతికొచ్చిన రైతులా ఉంది ఆయన ముఖం.

ఆయుధపూజ నాడు షాపులో గంధం, కుంకుమ బొట్లు పెట్టడం ఆయన పనే. ప్రింటరుకు, స్టేప్లరుకు, చివరికి స్టూలుకు కూడా పెట్టేవారు. ఆ ఏడు సిస్టం ఫ్లాపీలను కూడా వరసగా పేర్చి, ఒక్కొక్క దాని అంచున పక్కకు జరిగే రేకు మీద చూపుడువేలితో గంధం అద్ది, కుంకుమ పెట్టారు. గంధం ఎందుకు దండగ అని నేనంటే, "ఇవి గూడా పనిముట్లే గదా" అన్నారు. పూజ బొట్టు తుడవకూడదు; వాడగా వాడగా దానంతట అదే పోవాలి. ఆ ఫ్లాపీలతో రోజూ పని ఉండదు కనుక వాటి బొట్లు అలాగే ఉండిపోయాయి. ఆయనే ఉండలేదు. దీపావళికి కొన్న పంచె మడత విప్పకుండానే పోయారు.

అప్పటికే కూతురు అత్తగారింట ఉంది. షాపు మా మరిది చూసుకుని, సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళిపోయేవాడు. అతను వెళ్ళాక నేను కంప్యూటరు ముందు కూర్చుని, ఆయన చూపించినచోట నొక్కి, ఆ పేరు ఒకసారి చూసి ఆపేసేదాన్ని. ఇంటికి వచ్చే ఉత్తరాల మీద కూడా ఆయన పేరు రావడం మానేసిన రోజులవి. కరెంటు దండగ కదా వదినా అని మరిది ఒకసారి అన్నాడు. కరెంటు సంగతి నాకే చెప్పిన మనిషి లోకంలో అతనొక్కడే.

తర్వాతి ఏడు కంప్యూటరు లోపలి డిస్కు పాడైపోయింది. మరిది కొత్త డిస్కు బిగించి, ఎటూ అన్నీ మళ్ళీ ఎక్కించాలి కాబట్టి కొత్త సిస్టమే వేద్దామన్నాడు. కొత్తదాంట్లో చేసిన ఫైళ్ళు మన దగ్గర తెరుచుకోక గిరాకీ తిరిగిపోతోందట. ఇంతవరకూ నాకు అభ్యంతరం లేదు.

"పక్క షాపులో కాపీ ఉండాది వదినా. మనకు కర్చే లేదు."

"ఆ కాపీలో ఎవురి పేరుండాది?"

"ఎవురిదో. పేరుతో మనకేం పని?"

నేను సాయంత్రాలు ఆయన పేరు చూసుకునే ఆ తెర వైపు చూశాను. అతనికే అర్థమై తల దించుకున్నాడు. ఊరికే వచ్చేదాన్ని నేను వద్దనడం మా వంశంలో అదే మొదలు. పాతది సొంతంగా ఉన్నవాళ్ళకు అప్‌గ్రేడ్ అని తక్కువ ధరకు ఇస్తారని విచారించి అదే తెప్పించాను. అయితే దానికో షరతు ఉంది. పాతదాని మొదటి ఫ్లాపీ పెట్టి చూపిస్తేనే కొత్తది ముందుకు పోతుంది. బీరువాలోంచి తీసి ఇచ్చాను. మరిది పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. కంప్యూటరు దాన్ని చదవడం లేదు. వెలుతురులోకి పట్టి చూసి, మెల్లగా, "గంధం ఎండి రేకు పట్టేసింది వదినా. పక్కకు జరగడం లేదు. అది తుడిస్తేగానీ..." అని ఆగిపోయాడు.

నా నుదుటి బొట్టు తుడిచేందుకు చాలామంది వచ్చారు. దీనికి నేనొక్కదాన్నే. ఎర్రటి చుక్క చుట్టూ గంధంలో ఆయన వేలి గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. అది ఉంచుకుంటే పేరు పోతుంది. పేరు కావాలంటే అది పోవాలి. మరిది తుడుస్తానన్నాడు. ఇవ్వలేదు. కొంగు తడిపి నేనే తుడిచాను. రేకు కదిలింది. కంప్యూటరు గరగరమని చదువుకుని, ఒప్పుకుని, అన్నిటికంటే ముందు పేరు అడిగింది.

"నువ్వే కొట్టు వదినా" అని మరిది లేచి కుర్చీ ఇచ్చాడు. కరెంటు బిల్లు పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను. పెళ్ళయినప్పటి నుంచి నోటితో పలకని పేరు, వేలితో పలికాను.

లాప్‌టాప్ పని ముగించుకుని మనవరాలి పేరుతో స్వాగతం చెబుతోంది. నేను స్విచ్చి ఆపి, నా ట్రంకు పెట్టెలోంచి ఆ ఫ్లాపీ తీశాను. కంప్యూటరూ లేదు, షాపూ లేదు, దీన్ని పెట్టి చూపించమనేవాళ్ళూ లేరు. ఉప్పుగాలికి రేకంతా మసకబారింది. ఆయన వేలు ఆనినంత మేర గుండ్రంగా ఒక మరక మాత్రం ఉంది. ఆనాడు నేను తుడిచింది గంధాన్నే. ఆ మరకను తుడవడం ఇన్నేళ్ళ కాలానికీ చేతకాలేదు.