పైకప్పు లేని ఇంట్లో మగ్గం చప్పుడు

నా చిన్నప్పుడు మాకు సొంతిల్లు ఒక్కసారిగా రాలేదు, కిస్తులుగా వచ్చింది. బీడీలు చుట్టే ఆడవాళ్లకు మునిసిపాలిటీ సాయంతో ఊరి చివర వరసగా ఇళ్లు మంజూరయ్యాయి. మా అమ్మకు దక్కినది ఆఖరిది. అప్పటిదాకా ఊళ్లో కుంఠా నాకా కూడలి దగ్గర ఒక్క గదిలో, పవర్‌లూముల రొదలో, ఐదుగురం కాళ్లు ముడుచుకుని పడుకునేవాళ్లం. గోడలు లేచాక మునిసిపాలిటీ సాహెబు వచ్చి చూడాలి, ఆయన చూశాకే పైకప్పుకు డబ్బు. ఆయన వచ్చేలోపే దర్వాజా చట్రాలు ఒక్కొక్కటిగా మాయం కావడం మొదలైంది. కట్టినది కనబడకపోతే వరస మొత్తానికీ డబ్బు ఆగిపోతుందన్నారు. మా అమ్మకు అన్నం సయించలేదు.

సరిగ్గా అప్పుడే అక్కడ మగ్గం చప్పుడు పుట్టింది. పొద్దు గూకే వేళ, ఆ మొండిగోడల మధ్య నుంచి, చేతిమగ్గం నెమ్మదిగా ఆడుతున్న చప్పుడు. చూడబోతే మగ్గమూ లేదు, మనిషీ లేడు. మగ్గం మీద పోగు మిగిల్చి చనిపోయినవాడు దాన్ని నేసి ముగించడానికి తిరిగి వస్తాడని మా నేతవాళ్ల నమ్మకం. ఇంకేముంది, అటు పోయేవాళ్లే కరువయ్యారు. దొంగలు కూడా నేతవాళ్లేనేమో, చట్రాలు పోవడం ఆగింది!

ఒక సాయంత్రం మా అవ్వ, అంటే నాన్న తల్లి, ఎంతకూ ఇంటికి రాకపోతే వెతుక్కుంటూ వెళ్లాను. చప్పుడు మా ఇంట్లోంచే వస్తోంది. రెండు దెబ్బలు, కాస్త ఆగడం, మళ్లీ రెండు దెబ్బలు. ఒక కాలు కుంటిదైన మా తాతయ్య సరిగ్గా అలాగే నేసేవాడు. ఆయన సగం చీర మగ్గం మీదే వదిలేసి చనిపోయి ఏడాదైంది. తొంగి చూస్తే మసక వెలుతురులో మా అవ్వ, తాతయ్య మగ్గంలో పోగును బిగించే పలకను దర్వాజాకేసి కొడుతోంది. కళ్లు నా మీదే ఉన్నాయి, నన్ను చూస్తున్నట్టు లేవు. నేను బావురుమన్నాకే ఆపింది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది.

సాహెబు వచ్చాడు, చూశాడు. డబ్బు వచ్చింది, స్లాబులు పడ్డాయి. అసలు తంటా ఆ తర్వాత మొదలైంది. ఇళ్ల తాళాల చావీలు తీసుకోవడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. దయ్యాల కొంపలో పిల్లల్ని ఎట్లా పడుకోబెట్టేదని ఆడవాళ్లు మొండికేశారు. గడువులోపు చేరకపోతే ఇళ్లు వేరేవాళ్లకు పోతాయి. మనకు నిజం తెలుసు కదా, మన ఇంట్లో మనం చేరిపోదామని అవ్వ చెవిలో చెప్పాను. ఆమె చూసిన చూపుకు నాకు సిగ్గేసింది.

"భయం వెట్టినోళ్లే దింపాలె, బిడ్డా," అంది.

మర్నాడు బీడీలు అప్పజెప్పే చోట, ఆడవాళ్లంతా వరసలో ఉండగా, పలక పట్టుకుని నిలబడి జరిగిందంతా చెప్పింది. తిట్టినవాళ్లు తిట్టారు, ముసల్దానికి మతి పోయిందని నవ్వినవాళ్లు నవ్వారు. తల వంచుకుని అన్నీ పడింది. వారం తిరగకుండా వరసంతా పొయ్యిలు వెలిగాయి.

అందరికీ నిజం చెప్పిన ఆ రోజు తిరిగి వస్తూ అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చప్పుడు దొంగల్ని బెదరగొట్టడానికే మొదలుపెట్టిందట. మూడో రోజు నుంచి మాత్రం ఆ దెబ్బలు తను కొట్టినవి కావట. చెయ్యి దానంతటదే ఆడిందట. మరి ఆ మాట వాళ్లకెందుకు చెప్పలేదని అడిగాను.

"ఆళ్ల భయం దింపుతందుకు వోయిన. నాది నాకాడ్నే ఉండనీ."

ఆ ఇంట్లోనే నేనూ ముసలిదాన్నయ్యాను. నా నోరు మంచిది కాదు. కోడలినో మనవలనో బెదిరించి పని జరిపించుకున్న రోజున, వెళ్లి ఆ బెదురు దించి వచ్చేదాకా నాకు ముద్ద దిగదు. నా భయాలు మాత్రం ఎవరికీ పంచను.