మోకాలికీ ఇంజనుకీ మధ్య సందు

ఇవాళ పొద్దున చపాతీలకి పిండి కలుపుతుంటే ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. "రేపు పదింటికి రండి, డాక్టరుగారు మీ నడక చూడాలట," అన్నారు. మాట్లాడి వచ్చేసరికి ముద్ద మీద నా వేళ్ళ గుంటలు అలాగే ఉన్నాయి. తడి గోధుమపిండి వాసన ముక్కుకి తగిలింది. ఆ వాసనకి ఎవరికైనా వంటిల్లు గుర్తొస్తుంది. నాకు మాత్రం బెంగాలీల ఊరు సంత్రాగాఛిలో, మా రైల్వే క్వార్టర్లలో ఒక వరండా, గ్రీజు మరకలు, గవరయ్య బాబాయ్ గుర్తొస్తారు.

గవరయ్య బాబాయ్‌ది మా పక్క క్వార్టరు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి యార్డులో రైలుపెట్టెలు బాగుచేసే ఫిట్టరుగా చేరారు. పొట్టి మనిషి, మాట పొదుపు. తీరిక దొరికితే సైకిళ్ళకి చిన్న ఇంజన్లు బిగించేవారు. ఆయన పనితనం చెప్పేముందు నా కాలి సంగతి చెప్పుకోవాలి. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. అడుగు వేస్తే మోకాలు లోపలికి వాలుతుంది. నలుగురిలో అది కనబడకుండా పళ్ళు బిగబట్టి నడవడం నేను ఏళ్ళ తరబడి సాధించిన విద్య. ఎవరైనా "అయ్యో పాపం" అన్నారో, నాకు ఒళ్ళు మండిపోయేది.

టికియాపారాలోని తెలుగు బడిలో టీచరుగా చేరాక ఆ విద్య అక్కరకు రాలేదు. పొద్దున వచ్చే లోకల్ రైల్లో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. రైలు వదిలేసి బస్సు పట్టుకుంటే ఎర్రజెండాల ఊరేగింపు ఎదురయ్యేది. మూడుసార్లు ఆలస్యమయ్యాను. పెద్దటీచరు మంచావిడే, కానీ పిల్లలు ఎదురుచూస్తున్నారు కదా. "వచ్చే సోమవారం నుంచి వేళకి రాలేకపోతే వేరేవాళ్ళని చూసుకుంటామమ్మా," అని చెప్పేశారు. నాకు వచ్చిన మొదటి ఉద్యోగం అది. క్వార్టర్ల సందుల్లో సైకిలు తొక్కగలిగేదాన్ని గానీ, అంత దూరం, అందులోనూ వంతెన ఎక్కి తొక్కడం నా కాలి వల్ల అయ్యేది కాదు. అందుకని నాన్న ఖిదిర్‌పూర్ బజారుకి వెళ్ళి, సైకిలుకి బిగించే చిన్న ఇంజను కిట్టు పట్టుకొచ్చారు.

చిక్కల్లా నాది లేడీస్ సైకిలు కావడమే. దాని గొట్టాలు కిందికి వాలిపోయి ఉంటాయి. వాటికీ సీటు గొట్టానికీ మధ్య ఇంజను పట్టే చోటు లేదు. స్టేషను దగ్గర సైకిల్ షాపాయన చూసి, "హొబే నా దిదీ," అన్నాడు. కుదరదని. గొట్టాన్ని కాల్చి, సుత్తితో లోపలికి నొక్కితే చూద్దామన్నాడు. ఆ మాట చెబితే గవరయ్య బాబాయ్ మొహం చిట్లించారు.

"గొట్టం నొక్కీసినాక అది సైకిలేటి? బండి ఉన్నట్టే ఉంటాది. మనవే ఇంజనుని ఒప్పించాల."

ఒప్పించడమంటే ఏమిటో ఆ వారం సాయంత్రాలు వరండా మెట్టు మీద కూర్చుని చూశాను. కొలబద్ద దూరని చోట్ల ఆయన గోధుమపిండి ముద్ద పెట్టేవారు. చేత్తో చక్రం తిప్పి, ముద్దని మెల్లగా బయటికి తీసి, బ్లేడుతో అడ్డంగా కోసి, నలగ్గా మిగిలిన మందం చూసేవారు; అక్కడి సందు అంతన్నమాట. "అప్పడమంత ఉంటే సాలదు. రొట్టంత ఉండాల. రోడ్డెక్కితే బండి ఒణుకుతాది మరి," అనేవారు. పల్చగా వస్తే బిగింపు పట్టీని ఆకురాయితో కాస్త అరగదీసి, ఇంజనుని వెంట్రుకవాసి పక్కకి వాల్చి, మళ్ళీ ముద్ద పెట్టేవారు. ఆయన భార్య సత్తెమ్మ పిన్ని లోపల్నుంచి అరిచేది.

"రొట్టెలకి కలిపిన పిండంతా ఇనప సామాన్లకి పెట్టీసి, మనవేటి తింటాం?"

"ఒక రొట్టి తగ్గించు. సచ్చిపోంలే."

శనివారానికి ఆ ఇంజను సైకిలుతోపాటు పుట్టినట్టే కుదురుకుంది. ఎక్కడా గొట్టం కొయ్యలేదు, నొక్కలేదు. ఇక మిగిలింది మోకాలి సందు. స్టాండు మీదున్న సైకిలెక్కించి, ఇంజను పక్కన ముద్ద అంటించి, "తొక్కమ్మా," అన్నారు. చుట్టూ నాలుగు వరండాల జనం చూస్తున్నారు. అలవాటుగా పళ్ళు బిగబట్టి, మోకాలు నిటారుగా ఉంచి తొక్కాను. ముద్ద చెక్కు చెదరలేదు. ఆయన తలూపి బోల్టులన్నీ బిగించేశారు.

ఆదివారం పొద్దున ఇంజను అంటుకుంది. జనం ఈలలు వేశారు. రెండో చుట్టుకి ఆ సంతోషంలో కాలిని పట్టి ఉంచడం మరిచిపోయాను. మోకాలు వెళ్ళి వేడి ఇంజనుకి తగిలింది. ప్రాణం పోయినంత పనైంది. అయినా నవ్వుతూ తిరిగొచ్చి, "బాగుంది బాబాయ్," అన్నాను. ఆయన వంగి, ఇంజను పక్కన నేను ఎక్కకముందే అంటించి ఉంచిన కొత్త ముద్దని ఊడదీశారు. దాని అంచు మీద నా మోకాలి గుంట పడింది, సల్వారు నేతతో సహా. అది చూసి, నాకొక్కదానికే వినబడేలా అన్నారు.

"నిన్న నువ్వు అబద్ధం తొక్కినావమ్మా."

కోపం లేదు, జాలి అంతకన్నా లేదు. అందుకే కాబోలు, నాకు కన్నీళ్ళొచ్చేశాయి.

"ఈ సందులో సిగ్గుకి జాగా లేదు. నీ కాలు ఎలగ ఎల్తాదో అలగే ఎల్లనీ. నాను దానికే కడతాను." తర్వాత లేచి, వరండాల వైపు తిరిగి గట్టిగా చెప్పారు. "నా కొలత తప్పిపోనాది. మళ్ళీ ఇప్పాల!"

వారం రోజుల పని విప్పుతూ ఆయన ఒక్క నిట్టూర్పు విడవలేదు. పెద్ద పెద్ద చదువులవాళ్ళని తర్వాత చాలామందిని చూశాను గానీ, ఇంకొకరి అబద్ధాన్ని తన తప్పుగా నెత్తిన వేసుకుని మళ్ళీ మొదటి బోల్టు నుంచి పని మొదలెట్టిన మనిషి మరొకరు తగల్లేదు. నేను అందరి ముందూ, జీవితంలో మొదటిసారి, నా కాలు ఎలా పోతే అలా పోనిచ్చి తొక్కాను. ఎవరూ నవ్వలేదు. పొద్దువాలేసరికి ఇంజను వేలెడు కుడికి జరిగింది. ముద్ద కోసి చూస్తే రొట్టంత మందం.

సోమవారం గంట కొట్టకముందే బడిలో ఉన్నాను. ఆ సైకిలు మీద ఏళ్ళ తరబడి తిరిగాను. మోకాలు మళ్ళీ తగల్లేదు.

బాబాయ్ పోయి చాలాకాలమైంది. మా బడి పిల్లలు ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడేవారు, పుస్తకం తెరిస్తే తడబడేవారు. పక్కవాడు చదివింది బట్టీపట్టి, అక్షరాల మీద వేలు జరుపుతూ చదివినట్టు నటించేవారు. ఆ వేలు చూడగానే నాకు తెలిసిపోయేది, నాకన్నా బాగా ఎవరికి తెలుస్తుంది! పక్కన కూర్చుని, "నీకు ఎలా వస్తే అలాగే చదువు, నేను దాన్నిబట్టే చెబుతాను," అనేదాన్ని. ఆ మాట నాది కాదని వాళ్ళకి తెలియదు.

రేపు డాక్టరు ముందు నడవాలి. వయసొచ్చాక మోకాలు ఇంకాస్త లోపలికి వాలుతోంది. వాలనిస్తాను.